దొరసానికి దింపుడు కళ్ళం

మలయా దేశంలో, సుంగై పెటాని ఊరికి తూర్పున, రబ్బరు చెట్ల నడుమ, రేకుల కప్పు వేసిన ఒకే ఒక్క గది మా బడి. దానికి నేనొక్కణ్ణే మాస్టర్ని. పేరు రామదాసు. రబ్బరు పాలు గీసేవాళ్ళ పిల్లలు తెల్లవారకముందే తల్లిదండ్రుల వెంట చెట్ల కిందికి పోయి, పొద్దెక్కాక కళ్ళు నలుపుకుంటూ బడికొచ్చేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టడం ఎక్కాలతో అయ్యే పని కాదు. కథ చెప్పాలి. మా పిల్లలు పదే పదే అడిగే కథ రాజులదీ కాదు, రాక్షసులదీ కాదు. పియానో వాయించే ఒక మనిషిది.

"షోపాన్ కథ సెప్పండి మాస్టారూ!"

చెప్పేవాణ్ణి. పోలండు అని ఒక చలిదేశం. అక్కడి పల్లెల్లో జనం చిందేసే పాటలన్నీ చెవిలో పెట్టుకుని పెరిగాడు ఒక బక్కపలచని కుర్రాడు. ఇరవై ఏళ్ళకి కచేరీలు చేసుకుందామని దేశం దాటాడు. వెనకనే అక్కడ తిరుగుబాటు లేచింది. రష్యా చక్రవర్తి సైన్యం దాన్ని నలిపేసింది. అతను మరి ఇంటికి పోలేదు. ప్యారిస్‌లో దగ్గుకుంటూ, పెద్దింటి పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. ఇంటికి పోలేనివాడు ఏం చేస్తాడు? తన పల్లె చిందుల్ని పియానో మెట్లలో పెట్టాడు. కొట్టి మోగించే పెట్టె చేత గొంతెత్తి పాడించాడు. తర్వాత ఎన్ని దేశాల వాళ్ళో, సొంత ఊరి పాటని పెద్ద సభలో వినిపించడానికి సిగ్గుపడకూడదని అతన్ని చూసే నేర్చుకున్నారు.

"అంటే మన తప్పెటగుళ్ళు పెట్టినట్టా మాస్టారూ?" అనేది తంగం అనే గడుగ్గాయి.

"అచ్చం అంతే. నువ్వు ముందు ఏడో ఎక్కం పెట్టు."

ఈ కథ నాకు చెప్పింది మా అమ్మాయి జయమణి. జయమణికి చెప్పింది కొండ మీది దొరసాని.

ఆవిడ పేరు హెలీనా. పుట్టింది ఆ పోలండులోనే. యుద్ధకాలంలో ఒక ఇంగ్లీషు దొరని పెళ్ళి చేసుకుంది. ఆయన మా తోటకి మేనేజరుగా వచ్చాడు. ఆ తర్వాత మలయాలో ఎమర్జెన్సీ రోజులు వచ్చాయి, కమ్యూనిస్టులకీ తెల్లదొరల సైన్యానికీ పోరు. అడవిలోంచి తుపాకులు, రోడ్డు మీద మిలటరీ లారీలు, పొద్దుగూకితే సైరను. సైరను మోగాక ఎవరూ గడప దాటకూడదు. ఒకరోజు తోట మలుపు దగ్గర దొరగారి కారు మీద కాల్పులు జరిగాయి. ఆయన అక్కడే పోయాడు. దొరసాని కుడి మణికట్టులోంచి గుండు దూసుకుపోయింది. చెయ్యి మిగిలింది గానీ, వేళ్ళు కోడి గోళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. ఆవిడకి వెనక్కి పోవడానికి దేశం లేదు. కొండ మీది పాత బంగళాలో ఉండమని కంపెనీ వదిలేసింది. ఆవిడా, ఒక పియానో.

జయమణికి అప్పుడు పదేళ్ళు. కోడిగుడ్లు ఇచ్చి రమ్మని వాళ్ళమ్మ పంపింది. దొరసాని ఎడం చేత్తో మాత్రమే వాయిస్తోందట. పాట లేని తాళం. మా పిల్ల గుమ్మంలో నిలబడి కాసేపు విని, గుడ్ల బుట్ట కింద పెట్టి, వెళ్ళి కుడి పక్కన నిలబడి, ఒక్క వేలితో ఆ లేని పాటని పట్టుకుందట. మా ఇంట్లో మా అమ్మ వెంకమ్మ జముకులకథకి వంత పాడిన మనిషి. ఎవరైనా పాట సగం వదిలేస్తే మా ఇంటి వాళ్ళు ఊరుకోలేరు.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద కూర్చునేవారు. ఎడం చెయ్యి దొరసానిది, కుడి చెయ్యి మా అమ్మాయిది.

"షోపాన్ తన శిష్యులకి ఏటి సెప్పేవోడో ఎరికా నాన్నా? ఎడం సెయ్యి తాళగాడంట. కుడి సెయ్యి పాటగాడంట. పాటగాడు ఆగినా, పరుగెట్టినా, ఏడ్సినా పరవానేదు. తాళగాడు మాత్రం కదలకూడదు."

"మరి తాళగాడు లేకపోతే?"

"లేకపోతే ఎలాగ లా?" అని, ఇక్కడి మలాయి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి నవ్వేసింది.

ఇంకో సంగతి కూడా దొరసానే చెప్పింది. షోపాన్‌కి చావు కన్నా, బతికుండగా పాతేస్తారేమోనని ఎక్కువ భయమట. పాతే ముందు ఒళ్ళు కోసి చూడమని అడిగి మరీ పోయాడట. తర్వాత వాళ్ళక్క అతని గుండెకాయని సీసాలో పెట్టుకుని పోలండుకి పట్టుకుపోయిందట. దొరసానికీ అదే భయం. తలకి దిండు ఎత్తుగా పెట్టుకుని, కిటికీ తెరుచుకుని, కూర్చున్నట్టే పడుకునేది.

"నన్ను కోసి చూడ్డానికి నాకు ఎవరున్నారు?" అని ఒకరోజు ఆవిడ అందట.

అప్పుడు జయమణి ధైర్యం చెప్పింది. "మీకేటి భయం అమ్మా? మావోళ్ళకి దింపుడు కళ్ళం అని ఉంటాది. పాడె సగం దూరం ఎల్లాక కిందికి దింపుతారు. సెవి దగ్గిర నోరెట్టి, పేరెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఊపిరుంటే పలుకుతారు. మూడుసార్లకీ పలక్కపోతేనే మట్టి. మిమ్మల్ని నేను పిలుస్తాను."

"మాట?"

"మాటే."

పందొమ్మిది వందల యాభై అయిదులో, నవంబరు వానల్లో, జ్వరం వచ్చి దొరసాని పోయింది. డాక్టరు రావడానికి రోడ్డు లేదు. వాగు వంతెన మీది నుంచి పారుతోంది. తోట ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు వచ్చి, ముక్కు దగ్గర అద్దం పెట్టి, "అయిపోయింది" అన్నాడు. సైరను కూసే లోపల మట్టి చెయ్యాలని మిలటరీ వాళ్ళ తొందర. వడ్రంగి పెట్టె మూతకి మేకులు దిగ్గొట్టాడు. పెట్టెని లారీలో పెట్టారు. జయమణి ఆ లారీ వెనక వానలో పరుగెత్తింది. "ఆపండి! దింపండి! ఒక్కపాలి దింపండి!" అని అరిచింది. తెలుగు వచ్చినవాళ్ళెవరూ లారీలో లేరు. మలుపు దగ్గర మనుషుల్ని చంపిన చోట ఏ డ్రైవరు బండి ఆపుతాడు? ఆపలేదు.

ఇంటికొచ్చి రెండు రోజులు అది అన్నం ముట్టలేదు.

*

యాభై ఏడు ఆగస్టు. దేశమంతా మెర్డెకా మాటే. మెర్డెకా అంటే స్వాతంత్ర్యం. తెల్లవాళ్ళు దిగిపోతున్నారు, మన జెండా ఎక్కుతోంది అని రేడియో. మా తోటని కొత్త కంపెనీ కొన్నది. బంగళాలోని సామానంతా నెలాఖరుకి అమ్మేస్తారని కిరాణి జయరామ్ చెప్పాడు. ఆయన మా దూరపు బంధువు. తోట ఆఫీసులో రాతపని.

మా ఇంట్లో మెర్డెకా కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. సముద్రం అవతలి దీవిలో, జార్జ్ టౌన్‌లో ఒక ఆడపిల్లల బడిలో పియానో నేర్పే మనిషి కావాలి. పరీక్షలో నెగ్గితే ఆ పని జయమణికి ఇస్తామన్నారు. ఉండటానికి గది, నెల జీతం. లేదంటే మర్నాటి తెల్లవారుజాము నుంచే అదీ వాళ్ళమ్మలాగే నెత్తికి దీపం కట్టుకుని చెట్లు గీయడానికి పోవాలి. లయం అనే ఈ కూలీల ఇళ్ళ వరసలో పుట్టిన ఆడపిల్లకి మూడో దారి లేదు.

పరీక్షకి వాయించాల్సింది షోపాన్ రాసినదే. మొదటి నుంచి చివరి దాకా ఒకే స్వరం వాన చుక్కలా పడుతూనే ఉంటుంది. దాని మీద పాట నడుస్తుంది. ఇంట్లో బడి బల్ల మీద నేను సుద్దతో మెట్లు గీసి ఇచ్చాను. దాని మీద వేళ్ళు ఆడించేది. అయితే సుద్దబల్ల పలకదు కదా. జయరామ్‌ని అడిగి బంగళా తాళం చెవి తీసుకున్నాం. సాయంత్రాలు జయమణి ఒక్కతే పోయేది. వారం గడిచేసరికి దాని కళ్ళ కింద నల్లటి గుంటలు పడ్డాయి.

"ఏటైంది?" అని వాళ్ళమ్మ రత్నావతి అడిగింది.

"ఎడం సెయ్యి కుదరట్లేదు."

"నీకెప్పుడు కుదిరింది? దొరసాని కుదిర్సింది, నువ్వు సగం వాయించినావు," అని రత్నావతి నవ్వింది. జయమణి నవ్వలేదు. నా వైపు తిరిగి, "రేపు నువ్వు నాతో రా నాన్నా," అంది.

వెళ్ళాను. గేటు దగ్గర కావలి సెల్లప్పన్ గొడుగు కింద బీడీ కాలుస్తున్నాడు. దొరసాని ఉన్నప్పుడూ ఆ గేటు కాసిన ముసలాయన.

"లోపలికి రావయ్యా, పాట విందువుగాని," అన్నాను.

"వేండాం వాద్యారే," అన్నాడు. వద్దు మాస్టారూ అని అరవంలో అంటూ రెండు చేతులూ ఊపాడు. "సైరను కూసే లోపల వచ్చేయండి."

లోపల బూజు వాసన, నానిన చెక్క వాసన. వాటి కింద సన్నగా యూకలిప్టస్ నూనె వాసన. దొరసాని చేతికి రాసుకునేది అదే. రెండేళ్ళయినా పోలేదా అనుకున్నాను. కిటికీల బయట వాన కమ్ముకుంటోంది. రబ్బరు ఆకుల మీద చినుకులు మొదలయ్యాయి. జయమణి లాంతరు వెలిగించి పియానో మీద పెట్టింది. బల్ల మీద కుడి పక్కకి జరిగి కూర్చుంది, పాత అలవాటు ప్రకారం.

"మధ్యలో కూర్చో అమ్మా. ఇప్పుడు రెండు చేతులూ నీవే."

"కూసోనియ్యదు నాన్నా."

"ఎవరు?"

కుడి చెయ్యి మెట్ల మీద పెట్టింది. నాలుగైదు స్వరాలు వాయించి ఆగింది. వినమన్నట్టు వేలు ఎత్తింది.

టక్.

వాన చుక్క అనుకున్నాను.

టక్... టక్...

పియానో ఎడమ చివర. పాట కాదు, తాళమూ కాదు. చెక్కని వేలి కణుపులతో తట్టినట్టు... లోపలి నుంచి. లాంతరు ఎత్తి చూశాను. పసుపు పట్టిన ఒక మెట్టు కిందికి దిగింది. పైకి లేచింది. మళ్ళీ దిగింది. దాని మీద ఏ చెయ్యీ లేదు.

లాంతరు తిరిగి పియానో మీద పెట్టాను.

"వారం నుంచీ ఇంతే," జయమణి గుసగుసగా అంది. "నా ఎడం సెయ్యి పెడితే... తోసేస్తాది. సల్లగా ఉంటాది నాన్నా. తడిగా."

"లే. ఇంటికి పోదాం."

"ఎల్లిపోతే పరీచ్చ?"

"పరీక్ష పోనీ!"

"పోతే నా బతుకు పోద్ది," అంది. దాని గొంతు వణకలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఇది పాట కాదు నాన్నా. పెట్టె మూత తడతంది. ఎడం సేత్తోనే గదా తట్టగలదు? ఆరోజు ఊపిరుందో నేదో... ఎవరూ సూడనేదు. నేను మాటిచ్చినాను. పిలవనేదు."

"జయమణీ..."

"ఇప్పుడు పిలిసేస్తాను. పిలుపు తీరిపోతే ఎల్లిపోద్ది."

మా అమ్మ ఎన్నోసార్లు చెప్పిన మాట ఒకటుంది. దింపుడు కళ్ళం మట్టికి ముందు పిలిచే పిలుపు. అది బతికున్నారేమోనని అడగడం. మట్టి పడ్డాక పేరు పెట్టి పిలిస్తే... అది అడగడం కాదు. రమ్మనడం.

"వద్దు! మట్టి పడ్డాక పిలవకూడదమ్మా! నానమ్మ..."

అప్పుడే కొండ కింద సైరను మోగింది. నా మాట అందులో కలిసిపోయింది. జయమణి బల్ల దిగి మోకాళ్ళ మీద కూర్చుని, పియానో చెక్కకి నోరు ఆనించింది. చెవికి ఆనించినట్టే.

"హెలీనమ్మా..."

తట్టడం ఆగిపోయింది.

వాన ఒక్కటే. నేను ముందుకు దూకి దాని భుజం పట్టుకున్నాను. విదిలించుకుంది.

"హెలీనమ్మా..."

పియానో లోపల తీగలన్నీ ఒక్కసారి సన్నగా గుంయ్‌మన్నాయి. ఎవరో పొడుగ్గా ఊపిరి లోపలికి లాక్కున్నట్టు. చాలా కాలంగా ఆపుకున్న ఊపిరి.

"హెలీనమ్మా!"

లాంతరు ఆరిపోయింది.

చీకటి. యూకలిప్టస్ వాసన, ఇప్పుడు సన్నగా కాదు. దాని వెనక పచ్చి మట్టి వాసన. ఎవరో బల్ల మీద కూర్చున్న కిర్రుమనే చప్పుడు. తర్వాత... పాట.

రెండు చేతుల పాట. వాన చుక్కలా పడే ఆ స్వరం, దాని మీద నడిచే గొంతు. నా జన్మలో అంత చక్కటి వాయింపు వినలేదు. ఇరవై ఏళ్ళకి ఇల్లు వదిలి మళ్ళీ ఇల్లు చూడనివాడి దిగులంతా ఆ చీకట్లో ఉంది. దిగులుతో పాటు ఇంకోటి కూడా ఉంది. ఆకలి.

చేతులు చాచి తడుముకుంటూ వెళ్ళాను. భుజం తగిలింది. సన్నటి ఆడమనిషి భుజం, వెచ్చగా. హమ్మయ్య అనుకుని గట్టిగా పట్టుకున్నాను.

"పద తల్లీ..."

"నాన్నా..."

ఆ మాట నా చేతి కింది నుంచి రాలేదు. పియానో లోపలి నుంచి వచ్చింది. దూరంగా, మూతపడిన చోటి నుంచి.

"నాన్నా... ఇక్కడ సీకటిగా ఉంది..."

నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు. అగ్గిపెట్టె జేబులోంచి జారింది, దొరికింది, పుల్ల విరిగింది, ఇంకో పుల్ల వెలిగింది.

జయమణి బల్ల మధ్యలో కూర్చుని ఉంది. నిటారుగా. ఒక్కతే. నా చెయ్యి దాని భుజం మీదే ఉంది. పాట పూర్తి చేసి, మెట్ల మీద మూత నెమ్మదిగా వేసింది. నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"ఇప్పుడు కుదిరింది," అంది.

"లోపల... లోపలి నుంచి పిలిచావు కదా నువ్వు?"

"లేదు." దిగువ పెదవి మీద వేలు పెట్టుకుని ఆలోచించింది. "తప్పుగా విన్నారు."

విన్నారు! నన్ను మా అమ్మాయి ఏనాడూ 'మీరు' అనలేదు.

సైరను మోగిపోయినా, లాంతరు మళ్ళీ వెలిగించుకుని వానలో బయటికొచ్చాం. గేటు దగ్గర సెల్లప్పన్ మా లాంతరు వెలుగు చూసి గబుక్కున లేచాడు. బీడీ పారేశాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గుడ్ ఈవినింగ్, మాడమ్," అన్నాడు.

అని, నాలిక కరుచుకున్నాడు. జయమణి తల పంకించి ముందుకు నడిచింది. ముసలాయన నా మొహంలోకి చూశాడు, నేను ఆయన మొహంలోకి చూశాను.

*

పరీక్షకి నేనే తీసుకెళ్ళాను. ఓడ మీద జార్జ్ టౌన్ దాకా అది కిటికీ పక్కన కూర్చుని సముద్రం వైపే చూసింది. పరీక్ష చేసిన తెల్లాయన బయటికొచ్చి నాతో చెయ్యి కలిపాడు. "మీ అమ్మాయి కుడి చెయ్యి కాస్త బలహీనం. ఆ ఎడం చెయ్యి మాత్రం... ఈ వయసుకి రావలసిన చెయ్యి కాదు," అన్నాడు. పని ఇచ్చేశారు.

ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ రత్నావతి మురిసిపోయింది, మళ్ళీ విసుక్కుంది. "ఏటండీ ఈ గుంట! అన్నమెడితే థాంక్యూ అంటాది. నేనేటి బయటిదాన్నా?" అంది. ఇంకోనాడు, "తలకింద ఎత్తుగా రెండు దిళ్ళు అడిగింది. కూసున్నట్టే తొంగుంది," అంది. బస్సు ఎక్కించేటప్పుడు రత్నావతి ఏడ్చింది. జయమణి వంగి తల్లి నుదురు మీద ముద్దు పెట్టింది. మా ఇళ్ళల్లో అలా పెట్టరు.

దాని వెనకనే లారీ వచ్చి పియానోని పట్టుకుపోయింది. జయరామ్ బంగళా తలుపులకి కొత్త తాళాలు వేశాడు. లోపల గోడలు తప్ప ఏమీ లేవు. నేను కళ్ళారా చూశాను.

మెర్డెకా రోజున పిల్లలకి కాగితం జెండాలు పంచాను. సాయంత్రానికి వాన పట్టింది. ఆ రాత్రికి సైరను లేదన్నారు, లయమంతా ఆఫీసు దగ్గర రేడియో వినడానికి పోయింది. మా ఇంట్లో రత్నావతి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను పలకలు తుడుస్తున్నాను.

కొండ మీది నుంచి ఒక చప్పుడు వచ్చింది. సన్నగా, తీగ మోగినట్టు. నా చెయ్యి ఆగింది.

కాసేపటికి మళ్ళీ.

మూడోసారి మోగింది. రత్నావతి తల ఎత్తకుండానే, "ఊఁ," అంది.

"ఎవరికి ఊఁ అన్నావు?"

"ఎవరికేటి? గుంట పిలుస్తంది గదా."

"ఏ గుంట?"

మందబుద్ధి పిల్లవాణ్ణి నేను చూసినట్టు, ఆమె నన్ను చూసింది. "మన జయమణి. ఇందాకటి నుంచీ అమ్మా అమ్మా అంటంది. సేతిలో బియ్యం ఉన్నాయని రెండుసార్లు పలకనేదు. మూడోసారికైనా పలక్కపోతే ఎలాగ?"

"రత్నా... జయమణి జార్జ్ టౌన్‌లో ఉంది."

ఆమె వినిపించుకోలేదు. ఆమె 'ఊఁ' అన్నాక కొండ మీద మరి చప్పుడు లేదు. వాన కూడా ఆగింది. బురద బాట మీద, పై నుంచి, చెప్పుల్లేని కాళ్ళు దిగి వస్తున్న అడుగులు... ఆగుతూ, జారుతూ, చీకట్లో దారి తెలియనట్టు తడుముకుంటూ.

నేను తలుపు వైపు చూశాను. మూయాలో, తెరిచి ఉంచాలో తెలియలేదు. జార్జ్ టౌన్‌లో ఉన్నది నా కూతురైతే మూయాలి. కాకపోతే...

రత్నావతి లేచి, ఇంకో పళ్ళెం కడిగింది.